ఇనుప స్పైకుల బూట్లకు తిరిగి వెళ్లాలా? ఒంగోలు పాఠకునికి సమాధానం

ప్రశ్న: నాది ఒంగోలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేస్తుంటాను. విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదారుల వల్ల గోల్ఫ్ అలవాటై, నెలకు ఒకటి రెండుసార్లు చెన్నై వెళ్లి ఆడుతున్నాను. వయసు 58. కిందటి నవంబరులో వాన వెలిసిన మరునాడు ఆడుతూ ఉండగా, టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద డ్రైవర్ (అన్నిటికంటే పొడవైన కర్ర)తో కొట్టేటప్పుడు ఎడమ కాలు జారి దాదాపు పడిపోయాను. నా బూట్ల అడుగున నేలను పట్టుకోవడానికి ప్లాస్టిక్ స్పైకులు (ముళ్లు) ఉన్నాయి. మూడేళ్ల కిందట కొన్నవే అయినా పైన తోలు చెక్కుచెదరలేదు. ఈ సంగతి విన్న ఒక పెద్దాయన తాను దాచుకున్న ఇనుప స్పైకుల బూట్లు నాకు ఇచ్చారు. "పట్టులో వీటికి సాటి లేదు, ప్రొఫెషనల్స్‌లో కొందరు ఇప్పటికీ ఇవే వేసుకుంటారు, పైగా 2019 నుంచి గ్రీన్ (బంతి వేసే హోల్ చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక) మీద స్పైకు గుర్తులను సరిచేసుకోవచ్చు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పడానికి లేదు" అన్నారు. మా అబ్బాయేమో అసలు స్పైకులే లేని బూట్లు పంపుతానంటున్నాడు. ఎడమ మోకాలు అప్పుడప్పుడు నొప్పి పెడుతూ ఉంటుంది. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: ఇద్దరి మాటా సగమే వినండి. పెద్దాయన చెప్పిన మూడు మాటల్లో మొదటిది నిజం, రెండవది మీకు వర్తించదు, మూడవది నిబంధనను సగం చదివి చెప్పిన మాట. మీ అబ్బాయి పంపే బూట్లు ఏడాదిలో కొన్ని నెలలకు చక్కగా పనికివస్తాయి గాని, మీరు జారిన నవంబరు నెలకు మాత్రం పనికిరావు. ఇనుప స్పైకులకు తిరిగి వెళ్లవద్దన్నదే నా సలహా. అయితే అంతకంటే ముందు మీ కాలు ఎందుకు జారిందో చూడాలి, ఎందుకంటే దానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది.

బూట్లు కొని మూడేళ్లయిందని రాశారు, స్పైకులు మార్చిన సంగతి రాయలేదు. నెలకు ఒకటి రెండు రౌండ్ల లెక్కన మూడేళ్లకు 36 నుంచి 72 రౌండ్లు అవుతాయి. ప్లాస్టిక్ స్పైకులను సాధారణంగా 15 నుంచి 20 రౌండ్లకు ఒకసారి మార్చాలి, లేదా వాటి చిన్న కాళ్లు సగం అరిగినట్టు కనబడగానే మార్చాలి. కార్లు నిలిపే చోటు నుంచి మొదటి టీ దాకా సిమెంటు మీద నడిచే ప్రతి అడుగూ వాటిని ఆకురాయిలా అరగదీస్తుంది. బూటు పైతోలు ఎంత మెరుస్తున్నా అడుగున ఏం మిగిలిందన్నదే ముఖ్యం. ఇప్పుడే బూటు తిరగేసి చూడండి. చిన్న చిన్న కాళ్లు సాలీడు కాళ్లలా బయటికి చాచి ఉండవలసిన చోట గుండ్రటి మొద్దు బిళ్లలు కనబడితే, మీరు ఆ రోజు ఆడింది ప్లాస్టిక్ స్పైకులతో కాదు, నున్నటి అట్టలతో అనుకోవాలి. ఇనుముకూ ప్లాస్టిక్కుకూ పోటీ పెట్టాలంటే ముందు ప్లాస్టిక్కును కొత్తదిగానైనా నిలబెట్టాలి కదా.

రెండవ కారణం మట్టి. మన ప్రకాశం జిల్లా నల్లరేగడిలో వాన పడ్డాక నాలుగడుగులు వేసిన వారికి, చెప్పుకు మట్టి ఎలా పట్టుకుంటుందో చెప్పనక్కరలేదు. గోల్ఫ్ మైదానంలో మట్టి అంత జిగురుగా లేకపోయినా, తడి మట్టీ కత్తిరించిన గడ్డి ముక్కలూ కలిసి ప్లాస్టిక్ కాళ్ల మధ్య సందులను పూడ్చేస్తాయి. ఇనుప స్పైకు పనిచేసే తీరు వేరు, ప్లాస్టిక్ స్పైకు పనిచేసే తీరు వేరు. ఇనుము మేకులాగా నేలలోకి దిగి పట్టుకుంటుంది, ప్లాస్టిక్ తన కాళ్లతో గడ్డి పోచలను అల్లుకుని పట్టుకుంటుంది. సందులు పూడిపోతే అల్లుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే వానాకాలంలో ఒక గట్టి బ్రష్షు గాని, బంతిని నిలిపే టీ పుల్ల ముక్క గాని దగ్గర పెట్టుకుని రెండు మూడు హోల్స్‌కు ఒకసారి అడుగు శుభ్రం చేసుకోవాలి. గడ్డి పోయి బోడిగా ఉన్న టీ మీద ఎంత కొత్త ప్లాస్టిక్ స్పైకుకైనా పట్టు తక్కువే. మీరు జారింది టీ మీదే కాబట్టి ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక పెద్దాయన మొదటి మాట. తడి నేల మీద, ముఖ్యంగా ఏటవాలులో, ఇనుము పట్టు ప్లాస్టిక్ పట్టు కంటే ఎక్కువే. ఈ మాటను కాదనే వారు సరుకు అమ్ముకోవడానికి అలా అంటున్నారని అనుకోవచ్చు. కుడిచేతి ఆటగాడు కర్రను కిందికి తెచ్చే క్షణంలో బరువంతా ఎడమ కాలి మీదికి చేరుతుంది. నేలను తన్ని పైకి లేచే బలం, ఒంటిని తిప్పే బలం రెండూ ఆ ఒక్క పాదం కిందనే తేలాలి. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే వృత్తి ఆటగాళ్లు డ్రైవర్‌ను సగటున గంటకు 185 కిలోమీటర్ల ప్రాంతపు వేగంతో తిప్పుతారు. సాధారణ ఔత్సాహికుల వేగం 150 ప్రాంతంలో ఉంటుంది. ఆ వేగం తేడా వల్ల పాదం కింద పుట్టే ఒత్తిడిలో తేడా ఇంకా ఎక్కువగా ఉంటుంది. బతుకుతెరువు ఒక్క షాట్ మీద ఆధారపడిన వారు ఇనుమును వదులుకోకపోవడంలో అర్థం ఉంది. అయితే వారు ఆడే మైదానం సంగతి కూడా చూడాలి. పూర్తి స్థాయి పోటీలో మొదటి రెండు రోజులు ఆడేది మహా అయితే 156 మంది. ఆ వారమంతా గ్రీన్లను ప్రతిరోజూ కోసి, చదును చేయడానికి పెద్ద సిబ్బంది ఉంటుంది. పోటీ ముగిశాక గ్రీన్లు తేరుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మీరు ఆడే చోట సోమవారం నుంచి ఆదివారం దాకా అవే గ్రీన్ల మీద సభ్యులు, అతిథులు, పిల్లలు అందరూ నడుస్తారు.

పట్టు ఎక్కువైనా ప్రపంచం దానిని ఎందుకు వదులుకుంది? 19వ శతాబ్దంలో స్కాట్లండ్ ఆటగాళ్లు బూటు అడుగున మేకులు కొట్టించుకునేవారు. తరువాత మరతో బిగించే ఇనుప స్పైకులు వచ్చి, దాదాపు నూరేళ్లు అవే రాజ్యమేలాయి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ప్లాస్టిక్ స్పైకు పుట్టింది. చలికాలంలో అక్కడి గడ్డి నిద్రపోతుంది, అప్పుడు ఇనుము చేసిన గాయం వసంతం దాకా మానదు, కాబట్టి చలికాలంలో ఆడాలంటే గుచ్చుకోని స్పైకు కావలసి వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేసరికి అమెరికాలో చాలా మైదానాలు ఇనుమును నిషేధించాయి.

ఇక్కడ మీరు న్యాయంగానే ఒక ప్రశ్న వేయవచ్చు. చెన్నైలో మంచు లేదు, గడ్డి నిద్రపోదు, మరి ఐడహో కారణం మనకెందుకు? మన వేడి ప్రాంతాల గ్రీన్ల మీద సాధారణంగా పెంచేది బర్ముడా జాతి గడ్డి. అది మన పొలం గట్ల మీది గరికే, వినాయకచవితికి మనం కోసుకొచ్చే గరికే. ఆ గరికను ఆఫ్రికాలోని మరో జాతితో కలిపి టిఫ్‌డ్వార్ఫ్ వంటి పొట్టి సంకర రకాలను తయారు చేశారు. గరికకు ఎంత ప్రాణశక్తి ఉందో రైతుకు తెలుసు, పీకిన కొద్దీ తీగలు సాగి అల్లుకుపోతుంది. ఎండా నీరూ ఉంటే స్పైకు గాయం దానికి లెక్కలోది కాదు. కాని గరికకు బలం ఎండ నుంచే వస్తుంది. మబ్బు పట్టి ఉంటే దాని పెరుగుదల మందగిస్తుంది. ఒంగోలుకైనా, నెల్లూరుకైనా, చెన్నైకైనా పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. ఒక్క వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి సూర్యుడు కనబడడు, నేల నీరు తాగి మెత్తబడి ఉంటుంది. ఇనుప స్పైకు కావాలని మీకు అనిపించేది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ గాయాన్ని మాన్పుకునే శక్తి గడ్డికి అతి తక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. మార్చి నెలలో గ్రీన్ ఇనుమును తట్టుకోగలదు గాని, మార్చి నెలలో గట్టి నేల మీద మీకు ఇనుముతో పనే లేదు. అందుకే ఐడహోలో పుట్టిన కారణం మన దగ్గర వేరే దారిలో వచ్చి నిలుస్తుందని నా అభిప్రాయం.

గాయం ఎంతటిదో ఒకసారి లెక్క వేద్దాం. పాత ఇనుప స్పైకు పొడవు సుమారు 8 మిల్లీమీటర్లు, గ్రీన్ గడ్డిని కోసే ఎత్తు 3 మిల్లీమీటర్ల ప్రాంతం. అంటే స్పైకు గడ్డిని దాటి వేళ్ల దాకా వెళుతుంది. ఒక బూటుకు 11 స్పైకులు, ఒక గ్రీన్ మీద ఒక్కొక్కరు 50 అడుగులు వేస్తారనుకుంటే, 18 గ్రీన్లకు ఒక్క మనిషి చేసే రంధ్రాలు 9,900. రోజుకు నూరు మంది ఆడితే దాదాపు పది లక్షలు. నిటారుగా దిగి నిటారుగా లేచిన రంధ్రం పెద్ద నష్టం చేయదు, గాలి ఆడడానికి మాలీలే గ్రీన్లకు రంధ్రాలు వేస్తుంటారు. అసలు చెరుపు చేసేది ఈడ్చిన పాదం. పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే మెల్లని దెబ్బ) కొట్టి బంతి వెనకే నడిచేటప్పుడు గాని, హోల్ దగ్గర వంగి బంతి తీసేటప్పుడు మడమ తిప్పినప్పుడు గాని, స్పైకు గడ్డిని చీల్చి అంచును పైకి లేపుతుంది. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు కొంచెం తక్కువ. హోల్ దగ్గరికి వచ్చేసరికి అది నీరసించి దొర్లుతుంది, అప్పుడు ఆ చిన్న అంచే దాని దారి తప్పిస్తుంది. అందరూ చివరికి తిరిగేది హోల్ చుట్టూ ఆ కొద్దిపాటి మేర లోనే కాబట్టి ఆ అంచులు కూడా అక్కడే కుప్పపడతాయి.

నెల్లూరు మాగాణి చూసిన మనకు ఈ న్యాయం కొత్తది కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ బిగిస్తాం, బురదలో వాటికున్న పట్టు రబ్బరు టైరుకు రాదు. అదే ట్రాక్టరు ఆ ఇనుప చక్రాలతోనే తారురోడ్డు ఎక్కితే అధికారులు ఆపి జరిమానా వేస్తారు, ఎందుకంటే పట్టు పొలం వాడిది, గుంతలు వెనక వచ్చే వారందరివీ. మైదానం విషయంలో ఇబ్బంది ఏమిటంటే, పొలమూ రోడ్డూ అక్కడ ఒకే రౌండులో, ఒకే బూటు కింద వస్తాయి. టీ దగ్గర ఇనుము బిగించి గ్రీన్ దగ్గర ఊడదీసే వీలు లేదు.

పెద్దాయన మూడవ మాటకు వద్దాం. 2019కి ముందు గ్రీన్ మీద బంతి పడిన గుంటలనూ, పాత హోల్ పూడ్చిన చోటునూ మాత్రమే సరిచేసుకోనిచ్చేవారు. తన పట్ దారిలో స్పైకు గుర్తు ఉంటే ఆటగాడు చూస్తూ ఊరుకోవలసిందే. 2019లో వచ్చిన గోల్ఫ్ నిబంధనల్లోని 13.1సి నిబంధన బూట్ల వల్ల కలిగిన నష్టాన్ని కూడా సరిచేయనిస్తోంది, అంతవరకు ఆయన చెప్పింది సరైనదే. కాని అదే నిబంధన, ఆట అనవసరంగా ఆలస్యం కాకూడదని, గ్రీన్‌ను వీలైనంతవరకు మునుపటి స్థితికి తేవడమే తప్ప బంతికి బాట వేసుకోకూడదని కూడా చెబుతోంది. సరిచేసుకునే హక్కు ఇచ్చింది గాని, చెరిపే హక్కు ఇవ్వలేదు. నలుగురు ఆటగాళ్లు ఒక్కొక్కరు తమ దారిలోని గుర్తులను టీ ముక్కతో నొక్కుకుంటూ కూర్చుంటే, వెనక ఫెయిర్‌వేలో (టీకీ గ్రీన్‌కూ మధ్య ఉండే పచ్చిక బాటలో) నిలబడిన వారి ఓర్పు ఎంతసేపు నిలుస్తుంది? ఇంకో సంగతి ఏమిటంటే, అదే నిబంధనల వ్యవస్థలో జీ-7 అనే నమూనా స్థానిక నిబంధన కూడా ఉంది. నేలలోకి లోతుగా దిగే మొనగల స్పైకులను, నేలకు తగిలే లోహం గల స్పైకులను వేసుకుని షాట్ కొట్టకూడదని పోటీ నిర్వాహకులు దానితో నిషేధించవచ్చు. క్లబ్బు తన సభ్యుల నియమావళిలో వేరుగా కూడా నిషేధించుకోవచ్చు, చాలా క్లబ్బులు అలాగే చేశాయి. ఒంగోలు నుంచి దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణం చేసి వెళ్లాక, కొనుగోలుదారు ఎదుట స్టార్టర్ (ఆటగాళ్లను మొదటి టీ మీదికి పంపే క్లబ్బు ఉద్యోగి) మీ బూట్లు చూసి వెనక్కి పంపితే అది వ్యాపారానికీ మంచిది కాదు. వెళ్లే ముందు ఫోను చేసి కనుక్కోండి.

మీ మోకాలి సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, పచ్చిక సంగతి కంటే కూడా. పాదం కొంచెం జారితే షాట్ చెడుతుంది, పాదం బొత్తిగా కదలకపోతే ఒళ్లు తిరిగే బలం పైకి వెళ్లి ఎక్కడో ఒక చోట తేలాలి. తుంటి కీలు బాగా తిరిగే కుర్రవాడికి అది తుంటి దగ్గర తేలుతుంది. యాభై దాటి, పగలంతా కుర్చీలోనో కారులోనో కూర్చునే వారికి తుంటి బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఆ మెలి మోకాలికి చేరుతుంది. మోకాలు ముందుకూ వెనక్కూ మడవడానికి తయారైన కీలు, మెలికలు దానికి పడవు. ఇనుప స్పైకులు వేసుకున్న ప్రతివాడి మోకాలూ పోతుందని నేను అనను, అలా అనడం అబద్ధం. ఇప్పటికే నొప్పి ఉన్న మోకాలి కింద పాదాన్ని మేకులతో బిగించడం మాత్రం నాకు వివేకంగా తోచదు. ఎముకల వైద్యునికి ఒకసారి చూపించండి. ఈలోగా నిలబడేటప్పుడు ఎడమ పాదం మునివేళ్లను లక్ష్యం వైపుకు 20, 30 డిగ్రీలు తిప్పి పెట్టుకోండి. ఒళ్లు తిరిగిన తరువాత మోకాలి మీద పడే మెలి దానివల్ల తగ్గుతుంది.

మీ వృత్తి దృష్ట్యా ఒక చిన్న మాట. మెరుగు పెట్టిన గ్రానైటు మీద ఉక్కు స్పైకు ఎలా జారుతుందో మీకంటే బాగా ఎవరు ఊహించగలరు? కొన్ని ఇనుప స్పైకుల మొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంటుంది, అది గ్రానైటును గీకేటంత గట్టిది. క్లబ్ మెట్లకు మీ చీమకుర్తి రాయే పరచి ఉంటే, జారిపడేదీ మీరే, గీతలు పడిన రాయిని చూసి బాధపడేదీ మీరే.

అబ్బాయి మాటకు వస్తే, స్పైకులు లేని బూట్లను తక్కువ చేయవద్దు. అమెరికాలో జరిగే మాస్టర్స్ పోటీలో 2010లో 50 ఏళ్ల వృత్తి ఆటగాడు ఫ్రెడ్ కపుల్స్ అలాంటి బూట్లతోనే మొదటి రోజు రౌండును 66 దెబ్బల్లో ముగించి అగ్రస్థానంలో నిలిచాడు, ఆ తరువాతే లోకమంతా వాటి వైపు చూసింది. జనవరి నుంచి మన ఎండాకాలం ముగిసేదాకా పొడి నేల మీద రబ్బరు బుడిపెల పట్టు మీకు సరిపోతుంది, నడకకు హాయిగా ఉంటుంది, కారు నడుపుతూ కూడా అవే వేసుకుపోవచ్చు. పంపమనండి. అక్టోబరు రాగానే అలమరలో పెట్టి, కొత్త ప్లాస్టిక్ స్పైకులు బిగించిన బూట్లు బయటికి తీయండి. స్పైకుల బిగింపు పద్ధతులు రెండు మూడు రకాలు ఉన్నాయి కాబట్టి, కొనేటప్పుడు పాత స్పైకు ఒకటి ఊడదీసి దుకాణానికి తీసుకువెళ్లడం మంచిది.

తడి రోజున టీ మీద ఏం చేయాలో చెబుతానన్నాను. టీ గుర్తుల వరుస నుంచి వెనక్కి రెండు కర్రల పొడవు దాకా టీయింగ్ ఏరియానే, చాలామంది ఈ సంగతి మరచి గుర్తుల మధ్య గీత మీదే, అందరూ తొక్కి బురద చేసిన చోటే నిలబడతారు. బంతి ఆ మేరలో ఉంటే చాలు, మీ పాదాలు దాని బయట ఉండవచ్చు. కాబట్టి గడ్డి మిగిలిన చోటు వెదుక్కోండి. ఆ మేరలో నీటిని తుడిచివేయడానికీ, నేలను కాలితో అదుముకోవడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. ఫెయిర్‌వేలో మీరు నిలబడవలసిన చోట నీరు నిలిచి కనబడుతుంటే అది తాత్కాలిక జలం, దండన లేకుండా బంతిని పక్కకు డ్రాప్ చేసుకునే హక్కు మీకుంది. పైకి నీరు కనబడని ఉత్త మెత్తటి బురదకు ఆ హక్కు లేదు. అలాంటి చోట మామూలుగా తీసుకునే దానికంటే ఒక మెట్టు పొడవైన కర్ర తీసుకుని, ముప్పావు స్వింగ్‌తో సరిపెట్టండి. పది గజాలు తగ్గితే తగ్గుతుంది.

ఇనుము వేసుకోవచ్చునని నేను ఒప్పుకునే సందర్భం ఒకటుంది. క్లబ్బు స్పష్టంగా అనుమతించి, మైదానం ఎగుడుదిగుడు వాలులతో, తడితో ఉండి, ఆటగాడు మోకాళ్లు గట్టిగా ఉన్న వాడై, గ్రీన్ మీద పాదం ఎత్తి నడిచే శిక్షణ ఉన్నవాడైతే వేసుకోనివ్వండి. మీ ఉత్తరాన్ని బట్టి ఆ నాలుగింటిలో కనీసం ఒకటి మీకు లేదు.

పెద్దాయన ఇచ్చిన బూట్లను తిరిగి ఇచ్చి ఆయన మనసు కష్టపెట్టనక్కరలేదు. పాత బూట్ల మర సైజుకు సరిపడే ప్లాస్టిక్ స్పైకులు కూడా తయారయ్యాయి, దొరికితే ఇనుము తీసేసి వాటిని బిగించుకోవచ్చు. మన సముద్రపు గాలికి ఆ మరలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. ఒక్కొక్క దాని మొదట్లో రెండు చుక్కలు తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచి, స్పైకులు తిప్పే రెండు మొనల రెంచితో మెల్లగా తిప్పండి. పటకారుతో లాగితే అడుగు తోలుతో సహా ఊడివస్తుంది. ఆ తోలు ఎండి పగిలి ఉందో లేదో బిగించే ముందే ఒంగోలులో మంచి చెప్పులు కుట్టే వారికి చూపించండి, పగిలి ఉంటే వాటి మీద స్పైకుల డబ్బు ఖర్చు పెట్టవద్దు.